మా అమ్మమ్మ ఊరు సముద్రంలో మునిగింది

ముందే చెప్తున్నా, నాది ఇంగ్లీష్ మీడియం బ్యాచ్. తప్పులుంటే సర్దుకుపోండి. కానీ ఈ విషయం తెలుగులోనే రాయాలనిపించింది.

ఈ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి మా టీమ్ టాపిక్: విశాఖ జిల్లా కొండలు, వాటి వాలు. డేటా ఫ్రీగానే దొరికింది. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది. దాదాపు 30 మీటర్లకో గడి, గడికో ఎత్తు. మనకి తెలిసిన 2డీ అర్రేనే. దాన్ని క్యూజీఐఎస్‌లో తెరిచి, జిల్లా హద్దు వరకే ఉంచి మిగతాది కత్తిరించడం నా వంతు. "ఇదీ ఒక పనేనా" అనుకుని క్లిప్ బటన్ నొక్కేశా.

సింహాచలం, కైలాసగిరి, యారాడ కొండ అన్నీ చక్కగా వచ్చాయి. హద్దు బయట మాత్రం అంతా నీలం. ఆదివారం వీడియో కాల్‌లో అమ్మమ్మకి గొప్పగా చూపించాను.

"మా ఊరేదే ఇందులో?"

నీలం మీద వేలు పెట్టాను.

"ఓలమ్మా! మా కొండని సంద్రంలో కలిపీసేవేటే?"

అమ్మమ్మది అనంతగిరి వైపు, బొర్రా గుహలకి దగ్గర్లో చిన్న ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల్ని విడదీసినప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. కాబట్టి కత్తిరింపు కరెక్టే. తప్పు వేరే చోట ఉంది. నేను నోడేటా విలువ ఇవ్వలేదు. దాంతో సాఫ్ట్‌వేర్ బయటి గళ్ళన్నిటికీ సున్నా వేసేసింది. ఎత్తుల మ్యాప్‌లో సున్నా అంటే సముద్ర మట్టం! సగటు ఎత్తు కూడా అందుకే పడిపోయింది. -9999 లాంటి విలువ ఇచ్చి, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పాలి. సున్నా వేరు, లేకపోవడం వేరు.

వాలు మ్యాప్ ఇంకా ఘోరం. ఒక గడి వాలు తెలియాలంటే చుట్టూ ఉన్న ఎనిమిది గళ్ళ ఎత్తులు కావాలి. నేను ముందే కోసేయడంతో, సముద్రం వైపు తప్ప హద్దు పొడవునా నిటారుగా ఎర్రటి గోడ లేచింది. నేల మీద అలాంటి గోడేం లేదు. నేనే కట్టాను.

నిజం చెప్పాలంటే, ఆ గోడ ఇంతకుముందే కట్టాను. ఫస్టియర్‌లో ఎవరైనా "మీదే ఊరు?" అంటే "వైజాగ్, గాజువాక" అనేసి ఊరుకునేదాన్ని. సెలవులన్నీ గడిచిన ఏజెన్సీ ఊరి పేరు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మమ్మ ఫోన్ చేస్తే హాస్టల్ వరండా చివరికి వెళ్ళి మాట్లాడేదాన్ని, ఆ యాస ఎవరి చెవినా పడకుండా.

కానీ గోస్తనీ నది ఆ అనంతగిరి కొండల్లోనే పుట్టి, బొర్రా గుహల్లోంచి వచ్చి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. దారిలో ఉన్న తాటిపూడి రిజర్వాయర్ నుంచి మన వైజాగ్‌కి తాగునీళ్ళు వస్తాయి. కైలాసగిరిలో ఉన్న ఖోండలైట్ రాయే అక్కడి కొండల్లోనూ ఉంది. ఆ రాయికి పేరు పెట్టింది కూడా ఖోండు గిరిజనుల పేరు మీదే.

పని మళ్ళీ మొదలుపెట్టాను. ముందు మొత్తం గ్రిడ్ మీద వాలు లెక్క, ఆ తర్వాతే కత్తిరింపు. గోడ పోయింది. రిపోర్టు మొదటి పేజీలో మాత్రం కత్తిరించని మ్యాప్ పెట్టి, అనంతగిరి దగ్గర ఒక చుక్క వేశాను.

"ఇది మన జిల్లా కాదు కదా, ఈ చుక్కేంటి?" అన్నాడు మా టీమ్‌మేట్.

"మా అమ్మమ్మ ఊరు" అన్నాను, అందరికీ వినపడేలా.