ఉడుముతో ఇరుగుపొరుగు

ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి పశ్చిమ కొనన లబువాన్ బాజో అనే రేవు ఉంది. అక్కడ పడవెక్కిన వారికి ఎండు గడ్డి కమ్మిన కొండలతో కొమోడో దీవి ఎదురవుతుంది. తీరాన చెక్క స్తంభాలపై నిలిపిన ఇళ్లు, ఒక మస్జిదు, చేపల పడవలు. సుమారు రెండు వేల మంది నివసించే ఈ పల్లెలో అత్యధికులు ముస్లింలు. వారి ఇళ్ల వెనుక అడవిలో తిరిగేది ప్రపంచంలోకెల్లా పెద్ద బల్లి, మూడు మీటర్ల దాకా పెరిగే కొమోడో ఉడుము. మన పొలంగట్ల ఉడుము కూడా దీనికి దగ్గరి చుట్టమే.

శత్రువులు లేని దీవిలో చిన్న బల్లి క్రమేణా ఇంతటిదయిందని చాలాకాలం భావించారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో లభించిన శిలాజాలపై 2009లో వెలువడిన పరిశోధన ఆ ఊహను తోసిపుచ్చింది. దాదాపు 40 లక్షల ఏళ్ల నాడే ఈ జాతి అక్కడ భారీకాయంతో జీవించింది. తరువాత అక్కడ నశించి, ఈ దీవులలో మాత్రమే మిగిలింది.

అలాగని దీవి ప్రభావం స్వల్పమేమీ కాదు. జింకలు తక్కువగా ఉండే గిలి మోతాంగ్ అనే చిన్న దీవిలో ఉడుములు కొమోడోలోని వాటికంటే ఎంతో చిన్నవి. పాదార్ దీవిలోనైతే దొంగవేటకు జింకలు తరిగిపోయి, గత శతాబ్దంలోనే ఉడుములూ కనుమరుగయ్యాయి. ఆకలిగొన్న పెద్ద ఉడుము సొంత జాతి పిల్లలను సైతం మింగుతుంది. అందుకే పిల్లలు తొలి ఏళ్లు చెట్లపైనే గడుపుతాయి.

ఒక రాకుమారి కడుపున కవలలుగా మగబిడ్డ, ఉడుము పుట్టారని పల్లెవాసుల పాత కథ. అడవిలో ఈటె ఎత్తిన కొడుకును, అది నీ సోదరి అని తల్లి వారించిందట. బంధుత్వమున్నా భయం లేకపోలేదు. 2007లో ఎనిమిదేళ్ల బాలుడొకడు ఉడుము దాడిలో మరణించాడు. అయినా వారు ఊరు వదలలేదు.

1980లో జాతీయ పార్కు ఏర్పడ్డాక జింకల వేట నిషిద్ధమైంది. 2019లో ప్రాంతీయ ప్రభుత్వం దీవిని పర్యాటకులకు మూసివేసి, పల్లెనే తరలిస్తామని ప్రకటించింది. గ్రామస్థులు నిరసించారు. చివరకు కేంద్ర ప్రభుత్వం ఆ యోచనను విరమించింది. తరతరాలుగా ఉడుముతో కలిసి బతికినవారినే దానికి ముప్పుగా చూడటం న్యాయమనిపించదు.

2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ ఉడుమును అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. వేడెక్కే వాతావరణం, పెరిగే సముద్రమట్టం వల్ల రానున్న 45 ఏళ్లలో దాని ఆవాసం కనీసం 30 శాతం తగ్గవచ్చునని పేర్కొంది. పల్లె ఇళ్ల స్తంభాలను తాకుతున్నదీ ఆ సముద్రమే.