శ్రావణమాసంలో మిషను పేచీ

ఆగస్టు 3, 2025, ఆదివారం

శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. కత్తిరించిన జాకెట్లు బల్ల మీద అలాగే ఉన్నాయి. కోడలు మిషనెక్కింది. పైన కుట్టు సాఫుగానే పడుతోంది, గుడ్డ తిరగేస్తే దారం ఉండలుండలుగా ఉంది. "అత్తయ్యా, బాబిన్ కేసు పోయినట్టుంది, కొత్తది తెప్పించనా?" అంది. పాత పెట్టెలో ఉన్న ఇంకో కేసు వేసి చూసింది. అదే తంతు. అడుగున చిక్కు పడితే అందరి కన్నూ ముందు బాబిన్ మీదికే పోతుంది, పాపం.

పై దారం మొత్తం లాగేసి, గుడ్డను నొక్కే పాదం ఎత్తి మళ్లీ ఎక్కించమన్నాను. పాదం దించి ఉన్నప్పుడు టెన్షన్ బిళ్లలు రెండూ అతుక్కుని ఉంటాయి. దారం వాటి నడుమకి దిగదు, అంచు మీదే జారుతుంది. అలా పట్టు లేకుండా వచ్చిన దారాన్ని షటిల్ ముక్కు బాబిన్ చుట్టూ తిప్పేస్తుంది. పైన ఆడే కడ్డీ ఆ వదులంతా వెనక్కి లాగాలి, లాగలేదు. గుడ్డ మధ్యలో మెలిక పడాల్సిన దారం అడుగున పోగవుతుంది.

పాదం దించి దారం లాగి చూసింది. బిగువుగా వచ్చింది. ఎత్తి లాగితే తేలిగ్గా జారింది. ఇక కుట్టుకోవచ్చు.

ఆగస్టు 5, మంగళవారం

ఇవాళ మొదటి రెండు మూడు కుట్లకే చిక్కు. మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ పాదం వెనక్కి లాగి పట్టుకోవాలని చెప్పాను. చక్రం ఎదురు తిరిగినా ఇదే గోల.

ఎలాగూ ఆగింది కదా అని షటిల్ తీయించాను. గాడి నిండా నూలు పీచు! బ్రష్షుతో దులిపి ఒక్క చుక్క మిషను నూనె వేశాం. కొబ్బరినూనె పోసేవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. అది జిగురు కట్టి చక్రమే కదలదు, ఎన్నిసార్లు చెప్పినా వినరు.

కేసు మీది మరను మాత్రం తిప్పనివ్వలేదు. దారం పట్టుకుని కేసును వేలాడదీసి కాస్త కుదిపితే కొద్దిగా జారి ఆగింది. బాగున్నదాన్ని కెలకడం దేనికి?

ఆగస్టు 7, గురువారం

పట్టు జాకెట్టుకి 11 నంబరు సూది మార్చింది. నేనడక్కుండానే పాదం ఎత్తి దారం ఎక్కించింది. హుక్సులు మిగిలాయి. ఎదురింటావిడ ఇప్పుడొచ్చి చేతులు పొట్టి చేయమంటోంది.