మచ్చలు రెండు రకాలు

మా ఆడపడుచు పిక్కల మీద ఎర్రమచ్చలు లేచాయి. గాజుగ్లాసు అదిమి చూసినా రంగు తగ్గలేదు. ఇక్కడే లింగంపల్లిలో చూపిస్తే, "వాస్కులైటిస్. సన్న రక్తనాళాల వాపు" అని, కిడ్నీల సంగతి తెలియడానికి మూత్రపరీక్ష రాసింది డాక్టరమ్మ. ఆపైన వీపు మీది కాఫీరంగు మచ్చలు లెక్కపెట్టింది. ఆరు దాటాయి. మెత్తటి బుడిపెలు సరేసరి! అవి వేరే జబ్బుట, న్యూరోఫైబ్రొమటోసిస్. నరాల మీద గడ్డలు లేస్తాయి. అంటుకోదు గానీ తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకూ 50 శాతం అవకాశం. రక్తనాళాలనూ పట్టవచ్చు కనుక ఏటా బి.పి. చూపించుకోవాలి.

మా అత్తగారికీ ఉండేవి ఆ మచ్చలు. ఆడపడుచు కూతురికీ ఉన్నాయి. దానికి పెళ్ళి కుదిరింది, అదీ చిక్కు. "ముహూర్తం దాటేదాకా నోరెత్తొద్దు" అన్నారు మావారు. నేను పిల్లతో చెప్పేశాను. ఒళ్ళు దానిది కదా! సోమవారం ఇద్దరం నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగానికి వెళుతున్నాం.