దిగాడో లేదో

ఖానాపురం హవేలిలో మా మేడ మీది గదే నా ఆఫీసు. ఆ రాత్రి పదకొండు దాటాక సర్వర్‌లో ఒక అప్లికేషన్‌ని ఆపి, కొత్త వెర్షన్ పెట్టి, మళ్లీ మొదలుపెట్టాలి. దానికి మౌస్ అక్కర్లేదు. నల్ల తెర మీద ఒక్క వాక్యం: సిస్టమ్‌సీటీఎల్, స్టాప్, అప్లికేషన్ పేరు.

ఎంటర్ కొట్టాను. రోజూ రెండు మూడు సెకన్లలో ఆగేది, ఆగలేదు. ఇరవై సెకన్లు, ముప్ఫై. కాల్‌లో అవతలివాళ్లు "అయిందా? అయిందా?" అంటున్నారు. ఇంకో విండో తెరిచి కిల్ మైనస్ నైన్ కొట్టాను. వెంటనే ఆగింది. కొత్త వెర్షన్ లేచింది. నేను పడుకున్నాను.

తెల్లారేసరికి, కొందరి ఖాతాల్లోంచి ఒకే ఆర్డరుకు రెండుసార్లు డబ్బు పోయిందని తేలింది. అందులో ఒకాయన కూతురి హాస్టల్ ఫీజుకని దాచుకున్న డబ్బు.

లినక్స్‌లో కిల్ అన్న పేరు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ కమాండ్ చేసేది ఒక సంకేతం పంపడమే. నంబరు చెప్పకపోతే 15 వెళ్తుంది. "ఇక చాలించు" అని దాని అర్థం. సరిగ్గా రాసిన ప్రోగ్రామ్ అది విని, కొత్త పని తీసుకోవడం మానేసి, చేతిలో ఉన్నది ముగించుకుని వెళ్తుంది. 9 మాత్రం ప్రోగ్రామ్ చెవిన పడనే పడదు. ఆపరేటింగ్ సిస్టమే దాన్ని ఉన్నపళంగా తీసేస్తుంది. అందుకే సిస్టమ్‌డీ మామూలుగా ముందు 15 పంపి, 90 సెకన్లు చూసి, అప్పటికీ ఆగకపోతేనే 9 పంపుతుంది. కుబర్నెటీస్ ఇచ్చే గడువు 30 సెకన్లు. ఇవన్నీ ఇంటర్వ్యూల్లో నేను వేరేవాళ్లని అడిగే ప్రశ్నలే.

మా అప్లికేషన్ అప్పటికే డబ్బు తీసుకుంది. తీసుకున్నానని రాసుకునేలోపు నేను దాన్ని తీసేశాను. మళ్లీ లేచి, లెక్కలో లేదు కాబట్టి ఇంకోసారి తీసుకుంది. దాని తప్పేం లేదు.

మా నాన్న లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. మధ్యాహ్నం అన్నం దగ్గర నా మొహం చూసి ఏమైందని అడిగితే చెప్పాను. సర్వర్ల సంగతి ఆయనకు తెలీదు. అంతా విని, "పైనున్నవాడు దిగాడో లేదో చూసుకోవద్దారా?" అన్నారు.

స్తంభం ఎక్కేముందు లైన్‌మన్ సబ్‌స్టేషన్ నుంచి ఎల్సీ, అంటే లైన్ క్లియర్, తీసుకుంటాడు. ఆ ఫీడర్‌కి కరెంటు తీసేస్తారు. పని అయ్యాక తీసుకున్నవాడే ఎల్సీ తిరిగివ్వాలి. అప్పటిదాకా ఎవరెంత గొడవ చేసినా ఆపరేటర్ స్విచ్ వేయకూడదు. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్నతో పనిచేసే ఆయన ఒకరు స్తంభం మీద ఉండగానే కరెంటు వచ్చింది. కుడిచెయ్యి పోయింది. తర్వాత మా ఇంటికొస్తే ఎడమచేత్తో టీ తాగేవారు. నేను ఆ చేతినే చూస్తూ కూర్చునేవాణ్ణి. "జనం కరెంటేదని ఒకటే ఫోన్లంట, వేసేశాడంట," అని మాత్రం నాన్న అనేవారు.

డబ్బు అందరికీ వెనక్కి వెళ్లింది. ఇప్పుడు మా ప్రోగ్రామ్ 15ని వింటుంది. ప్రతి ఆర్డరుకూ ఒక నంబరు ఉంది, అదే నంబరు రెండోసారి వస్తే డబ్బు తీయదు. ఇవి ముందే ఉండాల్సినవి. కాల్‌లో ఇప్పటికీ "అయిందా?" అని అడుగుతూనే ఉంటారు. "ఇంకా దిగలేదు," అంటాను. వాళ్లకి అర్థం కాదు, నేనూ చెప్పను. ఆగిందని తెర మీద పడేదాకా చూస్తూ కూర్చుంటాను.