ఏడు పాయలు, ఏడు రోజులు

ప్రయాణమంటే మన ఇళ్ళల్లో మొదట రైలు టిక్కెట్లు, తరువాత పంచాంగం, ఆపైన పులిహోర పొట్లాలు. ఎక్కడికి పోతున్నాం, ఎందుకు పోతున్నాం అన్న విచారం సాధారణంగా బండి కదిలిన తరువాత మొదలవుతుంది. కాని ఇంట్లో పద్నాలుగేళ్ళ పిల్ల ఉండి, ఆ పిల్లకు సైన్సు పిచ్చి పట్టి ఉంటే ఈ వరస చెల్లదు. "ఏం చూస్తాం?" అని కాక, "అక్కడ ఏం తెలుస్తుంది?" అని అడిగే ప్రాణితో వారం రోజులు తిరగాలంటే ముందుగా కాగితం, పెన్సిలు పట్టుకొని కూర్చోవలసిందే.

మేము ఉండేది కర్నూల్లో. నేను కళాశాలలో తెలుగు చెప్పుకొనేవాణ్ణి. మా అమ్మ కోనసీమ ఆడపడుచు. మా పెద్దమ్మాయి తొమ్మిదో తరగతి. వచ్చే ఏడు పదో తరగతి, ఆపైన ఇంటరు. ఇంటరంటే ఈ రోజుల్లో ఆదివారాలు కూడా లేని హాస్టలు చదువు. కనుక ఇంటిల్లిపాదీ కలిసి తిరగటానికి మాకు మిగిలింది ఈ సంక్రాంతి ముందు వారమొక్కటే అని తేలింది.

మరొక చిక్కు కూడా ఉంది. అమ్మాయి సైన్సంతా ఇంగ్లీషులో చదువుతుంది. నాకు నన్నయ తెలుసు, దానికి న్యూటన్ తెలుసు. భోజనాల దగ్గర తప్ప మా ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. గోదావరి డెల్టాను ఎంచుకోవటంలో నా స్వార్థం అదే. అక్కడి జనం నదితోనూ, సముద్రంతోనూ కాపురం చేసి చేసి కూడబెట్టిన మాటలు ఎన్నో ఉన్నాయి. ఒండ్రు, మేట, లంక, గండి, ఆటు, పోటు, ఉప్పెన - ఒక్కొక్కటీ ఒక్కొక్క పాఠం. అందుచేత రోజుకొక ఊరు అని కాక, రోజుకొక ప్రశ్న అని ప్రణాళిక వేశాం. గోదావరికి ఏడు పాయలని మనవాళ్ళ లెక్క; మాకు ఏడు రోజులు. లెక్క కుదిరిందని మా అమ్మ సంతోషించింది.

మొదటి తగవు కాలం గురించి. వేసవిలో నది చిక్కిపోతుంది, ఎండ మండిపోతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది. క్యూసెక్కంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అమ్మాయి వెంటనే లెక్క కట్టి, సెకనుకు సుమారు పది కోట్ల లీటర్లని తేల్చింది. ఆ అంకె విన్నాక వానాకాలం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. జనవరి అయితే చలి హాయిగా ఉంటుంది, దాళ్వా నాట్లు కనబడతాయి, కొల్లేట్లో పక్షులుంటాయి. భోగికి ఇల్లు చేరేటట్టు జనవరి 7 నుంచి 13 దాకా అని ఖాయం చేశాం.

ఏం చూడాలో తేల్చటం సులభం; ఏం వదిలిపెట్టాలో తేల్చటమే కష్టం. మావాడికి పదేళ్ళు, వాడి కోరిక పాపికొండలు. లాంచీ మీద పోయి రావటానికి ఒక రోజు పూర్తిగా పడుతుంది. పైగా డెల్టాను చూడబోతూ కొండల్లోకి పోవటం వేరే కథ. 2019లో కచ్చులూరు దగ్గర మునిగిన లాంచీని తలుచుకొని మా అమ్మ గట్టిగా వద్దంది. వాడికి ఆత్రేయపురం పూతరేకులు ఆశ చూపి ఒప్పించాం.

ఇక రోజుల వారీగా చిత్తగించండి.

మొదటి రోజు రాజమండ్రి. 2015 నుంచి కాగితాల మీద రాజమహేంద్రవరం. జనం నోట్లో ఇప్పటికీ రాజమండ్రే. తెల్లవారేసరికి కొవ్వూరు దాటే బండి చూసి టిక్కెట్లు కొన్నాం, ఎందుకంటే మొదటి పాఠం వంతెన మీదనే. ఇక్కడ నాలుగు తరాల వంతెనలు పక్కపక్కనే కనిపిస్తాయి. 1900లో తెరిచిన హేవలాక్ వంతెనకు 56 ఖానాలు. 1997లో అది విశ్రాంతి తీసుకొన్నది. 1974లో కట్టినదానికి కింద రైలు, పైన రోడ్డు. 1997 నాటిది కమానుల వంతెన. రోడ్డు కోసం కట్టిన నాలుగోదాన్ని 2015లో తెరిచారు. కమానుల వంతెన ఎలా నిలబడుతుందని అడిగితే అమ్మాయి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. కమాను రెండు కొసలూ విడిపోదామని చూస్తాయి. కింద ఉన్న దారి వాటిని లాగి పట్టుకొంటుంది. "అంటే విల్లూ, అల్లెతాడూనూ" అన్నాను. "అదే నాన్నా, ఆ పేరే!" అన్నది. మా ఉమ్మడి నిఘంటువులో మొదటి మాట అలా పడింది.

ఆ మధ్యాహ్నం కందుకూరి వీరేశలింగంగారి ఇల్లు. వితంతు వివాహాలు జరిపించిన మహానుభావుడుగా పిల్లలందరికీ తెలుసు. జ్యోతిశ్శాస్త్రం మీదా, శరీరశాస్త్రం మీదా తెలుగులో పుస్తకాలు రాసినవాడని అమ్మాయికి తెలియదు. ఈ మాట నేను ఇంట్లో చెప్పలేదు. అక్కడే చెబుదామని దాచుకొన్నాను.

రెండో రోజు ధవళేశ్వరం. ఆనాటి ప్రశ్న: ఇసుక మీద గోడ కడితే నిలుస్తుందా? గోదావరి అడుగున కట్టుబడికి రాయి అందదు. ఎంత తవ్వినా ఇసుకే. కరువులతోనూ, 1839 ఉప్పెనతోనూ చితికిపోయిన ఈ జిల్లాలో ఆర్థర్ కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. ఇసుకలో వదులు రాళ్ళు పరిచి, వాటి మీద కట్టే ఉపాయం ఆయన కావేరి మీది పురాతనమైన కల్లణై చూసి నేర్చుకొన్నదే. కట్టడం వెడల్పుగా, వాలుగా ఉంటే అడుగునుంచి ఊరే నీరు చాలా దూరం నడవాలి. నడిచేసరికి దాని బలం పోతుంది. కింద ఇసుక కోసుకుపోతే పైరాళ్ళు దిగబడి ఆ గుంటను తామే పూడుస్తాయి. 1982లో పూర్తయిన కొత్త బ్యారేజీకి 175 తలుపులు. మూడు డెల్టాలకూ కలిపి సుమారు పది లక్షల ఎకరాలకు నీరు పోయేది ఇక్కడినుంచే. గట్టు మీద కాటన్ మ్యూజియం ఉంది. వరద రోజుల్లో మన పత్రికల్లో వచ్చే మొదటి, రెండో, మూడో ప్రమాద హెచ్చరికలకు ఇక్కడి నీటిమట్టం 11.75, 13.75, 17.75 అడుగులు. సాయంత్రం ఆత్రేయపురం. బోర్లించి వేడిచేసిన కుండ మీద బియ్యపు పాలు ఒక్క క్షణంలో కాగితమంత పలచని రేకు ఎందుకవుతాయో కనుక్కోవటం అక్క పని. తినటం తమ్ముడి పని.

మూడో రోజు కడియం తోటలు. ఇది మా ఆవిడ రోజు. గులాబీలూ, మామిడి అంట్లూ చూడకుండా ఆమె జిల్లా దాటదు. ఒక చెట్టు కొమ్మ మరొక చెట్టు మొదలుతో ఎలా అతుక్కుంటుందో అంటు కట్టేవారి చేతుల్లో చూసినట్టు ఏ పుస్తకంలోనూ కనబడదు. రాత్రికి కాకినాడ.

నాలుగో రోజు కోరంగి మడ అడవులు. ఇక్కడ మా అమ్మ పంచాంగానికీ, అమ్మాయి సైన్సుకూ పొత్తు కుదిరింది. మడచెట్ల వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకు వస్తాయి. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వాటితో ఊపిరి తీస్తుంది. అవి బాగా కనబడాలంటే ఆటు వేళ వెళ్ళాలి. పడవ తిరగాలంటే పోటు కావాలి. అమావాస్యకూ, పున్నమికీ పోటు పెద్దది. అష్టమి ప్రాంతాల చిన్నది. "తిథి చూడకుండా బయలుదేరకూడదని నేను చెప్పలేదూ?" అన్నది మా అమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు. తెల్లమడ ఆకు మీద వేలు రాసి నాలికకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది; వద్దనుకొన్న ఉప్పును చెట్టు ఆకుల గుండా బయటికి తోసేస్తుంది. కాకినాడ ఎదుట సముద్రానికి అడ్డంగా పడుకొన్న హోప్ దీవి గోదావరి ఇసుక మేటే. అవతల ఉప్పాడలో సముద్రం ఊరిని కోసుకు తింటున్నది. ఒకచోట మేట, ఒకచోట కోత - రెండూ ఒక్క రోజున చూడవచ్చు. ఉప్పాడలో మా ఆవిడకు జమదానీ చీరల పని కూడా ఉంది. దానికి అరగంట కేటాయించాం, గంటన్నర అవుతుందని అందరికీ తెలుసు.

కోరంగి పేరుకు మరొక చరిత్ర ఉంది. ఒకప్పుడది పెద్ద ఓడరేవు. 1789లోనూ, 1839లోనూ ఉప్పెనలు దాన్ని ఊడ్చిపెట్టాయి. కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇటువంటి గాలివానలను పరిశోధించి, గాలి పాము చుట్టలాగా తిరుగుతుందని చూపి, 1848లో 'సైక్లోన్' అనే మాట పుట్టించాడు. ఇవాళ రేడియోలో వినే ఆ మాటకు మన కోరంగితో చుట్టరికం ఉంది.

ఈ సంగతి మాట్లాడుకొంటున్న రాత్రే ఐదో రోజు ప్రణాళిక మారిపోయింది. యానాం దగ్గర వంతెన దాటి కోనసీమలో ప్రవేశించి, తిన్నగా అంతర్వేదికి పోవాలని మొదటి ఆలోచన. దారిలోనే మా అమ్మ పుట్టిల్లు. 1996 నవంబరు 6 తుఫాను నాడు ఆమె అక్కడే ఉన్నది. ఆ తుఫానులో గోదావరి జిల్లాలలో వెయ్యిమంది దాకా పోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. మావాళ్ళ తోటా పోయింది, పక్కింటి మనుషులూ పోయారు. ఆ తరువాత ఆమె ఆ ఊరు వెళ్ళలేదు, ఆ రాత్రి మాట ఎత్తనూ లేదు. మేమూ అడగలేదు.

అమ్మాయి అడిగింది. "మామ్మా, గాలి ఎటునుంచి వీచింది?"

మా అమ్మ కాసేపు ఊరుకొని చెప్పింది. మొదట ఒకవైపునుంచి వీచింది. తరువాత ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దమయింది. పోయిందనుకొని కొందరు బయటికి వచ్చారు. మళ్ళీ ఎదురువైపునుంచి, ముందుకంటె గట్టిగా వీచింది. బయటికి వచ్చినవాళ్ళు తిరిగి రాలేదు.

"మామ్మా, తుఫాను కన్ను మీ ఊరి మీదుగా పోయింది" అన్నది అమ్మాయి. చుట్టూ సుడి తిరుగుతుంటే నడుమ గాలి ఆడని చోటు ఒకటి ఉంటుందనీ, అది దాటగానే గాలి దిక్కు మారుతుందనీ కాగితం మీద బొమ్మ వేసి చూపింది. మా అమ్మ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "అయితే అది మా ఖర్మ కాదన్నమాట. దానికీ ఒక లెక్క ఉన్నదన్నమాట" అని, కాసేపాగి, "ఆ ఊళ్ళో ఆగుదాం. చెట్లు ఎటు పడ్డాయో చూపిస్తాను" అన్నది. ప్రయాణం కాకముందే నాకు ప్రయాణఫలం దక్కింది. అంతర్వేదిలో నది సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు సాయంత్రం చూస్తాం.

ఆరో రోజు, అంటే జనవరి 12న, పంటు మీద నరసాపురం. పంటు కుదరకపోతే చించినాడ వంతెన మీదుగా. దారిలో మార్టేరు వరి పరిశోధన కేంద్రం. కర్నూల్లో బస్తా మీద చూసే ఎం.టి.యు. అనే అక్షరాలు ఈ మార్టేరువే. 1982లో విడుదలైన స్వర్ణ, అంటే ఎం.టి.యు. 7029, ఇక్కడి పంట. దానికి ఒడిశాలోని పాత వరిరకం గుణం కలిపి చేసిన స్వర్ణ సబ్-1 రెండు వారాలపాటు నీట మునిగినా బతుకుతుంది. వరద నేలకు అంతకంటె ఏం కావాలి?

అక్కడినుంచి భీమవరం. తేదీ కావాలనే ఎంచాం: 1895లో అదే రోజున యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ ఊళ్ళో పుట్టారు. జీర్ణకోశాన్ని పట్టే స్ప్రూ జబ్బు ఆయన అన్నదమ్ములిద్దరిని తీసుకుపోయింది. 1923లో అమెరికా వెళ్ళి, కండరానికి శక్తి ఎలా అందుతుందో తేల్చటంలో పాలుపంచుకొన్నారు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన ఆధ్వర్యాన ఫోలిక్ ఆమ్లం తయారయింది. అది స్ప్రూలో వచ్చే రక్తహీనతకు మందు. బోదకాలుకు మందు కూడా అక్కడే తయారయింది. ఈ డెల్టాను తరతరాలుగా పీడించిన బోదకాలు! ఆ డి.ఇ.సి. మాత్రలు ఇప్పటికీ మన ఊళ్ళలో పంచుతున్నారు. ఆయన 1948లో అక్కడే కన్నుమూశారు; తిరిగి ఈ గడ్డ తొక్కలేదు. తొక్కకపోయినా ఆయన మాత్ర ఇల్లు చేరింది. పండుగకు భీమవరంలో గది దొరకటం గగనం. నెల ముందే చెప్పిపెట్టుకోండి.

ఏడో రోజు కొల్లేరు. కృష్ణ, గోదావరి రెండూ మేటలు వేసుకొంటూ సముద్రంలోకి పెరిగిపోతే, నడుమ పూడకుండా మిగిలిన పల్లమే ఈ సరస్సు. ఉప్పుటేరు ఒక్కటే దాని నీటికి సముద్రపు దారి. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు పిల్లలను సాకుతుంటాయి. చేపల చెరువులు సరస్సును ఎలా మింగాయో, 2006లో వాటిని ఎందుకు గండి కొట్టవలసి వచ్చిందో కూడా అక్కడే చెప్పుకోవాలి. సైన్సంటే నీతి లేని లెక్క కాదని పిల్లలకు తెలియటానికి కొల్లేరును మించిన చోటు లేదు. రాత్రి బండికి తిరుగు ప్రయాణం.

మాలాగా వెళ్ళదలచినవారికి నాలుగు మాటలు. రోజుకు ఒకే ప్రశ్న పెట్టుకోండి. రెండోది దానంతట అదే వస్తుంది. ఇంట్లో ప్రతి మనిషికీ ఒక పూట వదలండి. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్టు కట్టనిదే కదలనివ్వకండి. భూతద్దం ఒకటి, సముద్రపు ఇసుకలో దొర్లించటానికి అయస్కాంతం ఒకటి, మట్టి నమూనాలకు నాలుగు ఖాళీ సీసాలు తీసుకోండి. అన్నిటికంటె ముఖ్యం ఒక నోటుబుక్కు. మాదాంట్లో ప్రతి పుటా రెండు భాగాలు: ఎడమపక్క అమ్మాయి చదువుకొన్న ఇంగ్లీషు మాట, కుడిపక్క మా అమ్మ చెప్పే తెలుగు మాట. బయలుదేరటానికి ఇంకా మూడు వారాలుంది. కుడిపక్క అప్పుడే నాలుగు పుటలు నిండింది.