ఫజర్ వేళ హమాం దగ్గర

అనంతగిరి కొండల మీది చలి నవంబరు చివరికి వికారాబాదు వీధుల్లోకి దిగుతుంది. అది మొదలు తాండూరు దాకా పల్లెపల్లెనా రోజు వేడినీళ్లతోనే ఆరంభమవుతుంది. కొందరు బాయిలరు అంటారు. మన ఇళ్లలో పెద్దలు హమాం అనే అంటారు. రాగి పీపా, దాని నడుమ నిప్పు నిలిచే గొట్టం, అడుగున బూడిద రాలే అర, పక్కన కుళాయి. కలిగిన ఇళ్లలోకి గీజరు వచ్చింది. అద్దె ఇళ్లలోకి బకెట్టులో వేలాడదీసే హీటరు రాడ్డు వచ్చింది. సాధనం మారినా వేళ మారలేదు. ఫజర్ అజాన్‌కు ముందే నీళ్లు కాగాలి. ఆ వేళను గురించే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మూడు దశాబ్దాలుగా మేము మదర్సాలో పసివాళ్లకు పాఠాలు చెబుతున్నాము. ఒక సంవత్సరం నమాజు నేర్పుతూ తక్బీరుకు చేతులెత్తమంటే ఒక బాలుడి కుడి చేయి చెవి దాకా వెళ్లింది, ఎడమ చేయి భుజం కిందే ఆగిపోయింది. చొక్కా తొలగించి చూపాడు. చంక నుండి మోచేయి దాకా చర్మం ముడుచుకుపోయి, తాడులా బిగిసి ఉంది. రెండున్నరేళ్ల వయసులో, తండ్రి మస్జిదుకు వెళ్లిన సమయంలో, అరుగు మీద ఉన్న వేడినీళ్ల బకెట్టు అంచు పట్టుకుని లాగాడట. ఇంట్లోవాళ్లు కంగారులో టూత్‌పేస్టు పూశారట.

టూత్‌పేస్టు, సిరా, పసుపు, నెయ్యి, మంచుగడ్డ – వీటిలో ఏదీ కాలిన చర్మానికి మేలు చేయదు. తడిసిన బట్టలు వెంటనే తీసివేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగరాదు. కాలిన చోటును 20 నిమిషాలపాటు ధారగా పారే మామూలు చన్నీళ్ల కింద ఉంచాలి. తక్కిన ఒళ్లు చలికి వణకకుండా కప్పి ఉంచాలి. ఆ పిమ్మట శుభ్రమైన పలుచని గుడ్డ కప్పి, 108కి ఫోను చేయాలి. తాండూరు నుండి హైదరాబాదు పెద్దాసుపత్రులు వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఆ దూరం మొదలయ్యే ముందు ఇంటి కుళాయి కింద గడిపిన ఆ 20 నిమిషాలు గాయం లోతుకు పోకుండా చాలావరకు కాపాడతాయి.

ఆ బాలుడి దాదీమా మాతో, "రాత అలా ఉంది మౌలానా సాబ్, ఎవరేం చేస్తారు?" అన్నారు. తఖ్దీరు మీద ఆమెకున్న విశ్వాసాన్ని మేము గౌరవిస్తాము. ఆ విశ్వాసమే ఆ ఇంటిని దుఃఖంలో నిలబెట్టి ఉంటుంది. అయితే సిరియా దారిలో ప్లేగు వార్త విని హజ్రత్ ఉమర్ (రజి) తన వారితో సహా వెనుదిరిగినప్పుడు ఇదే ప్రశ్న ఎదురైంది. ఒక విధి నుండి తప్పుకుని మరో విధి వైపుకే వెళ్తున్నామన్న భావంతో ఆయన బదులిచ్చారు. వేడినీళ్ల బకెట్టును అరుగు మీద పెట్టడం విధి అయితే, దాన్ని గదిలో పెట్టి గొళ్లెం వేయడమూ విధే.

ఇంకొక మాట తరచుగా వింటాము: "ఎన్నిసార్లు చెప్పినా వినడు." షరీఅతులో పసిబిడ్డ మీద కలం ఎత్తివేయబడింది, వాడి ఖాతాలో ఏ తప్పూ వ్రాయబడదు. మరి వినలేదన్న నేరం ఎవరి ఖాతాలో చేరుతుంది? మూడేళ్ల బిడ్డకు హెచ్చరిక ఒక శబ్దం మాత్రమే. చోటును మార్చవలసింది పెద్దలే. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ఒక ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) రాత్రివేళకై చేసిన ఉపదేశంలో పిల్లలను దగ్గర ఉంచుకోవడం, తలుపులు వేయడం, పాత్రలు కప్పడం, దీపాలు ఆర్పడం ఒకే వరుసలో వస్తాయి. పిల్లలు, పాత్రలు, నిప్పు ఒకే మాటలో చేరడం పాఠం చెప్పినప్పుడల్లా మమ్మల్ని ఆపుతుంది.

ఇక ఆ వేళ సంగతి. ఇంటి యజమాని నీళ్లు కాచి, వుజూ చేసుకుని మస్జిదుకు వెళతాడు. తిరిగి వచ్చేసరికి అరగంట. హమాం మిక్కిలి వేడిగా ఉండేది ఆ అరగంటలోనే. తల్లి ముసల్లా మీదనో, చంటిబిడ్డ దగ్గరనో ఉంటుంది. చలికి మెలకువ వచ్చిన పిల్లవాడు వెచ్చదనాన్ని వెతుక్కుంటూ నేరుగా నిప్పు దగ్గరకే నడుస్తాడు. కాబట్టి ఈ వ్యాసాన్ని తల్లులకంటే ముందు తండ్రులు చదవాలని మా కోరిక. మస్జిదుకు బయలుదేరేముందు హమాం ఉన్న చోటును మూసి వెళ్లడం వారి పని.

మూయడానికి మన ప్రాంతంలో కరువేమీ లేదు. తాండూరు చుట్టూ గనుల దగ్గర విరిగిన నాపబండలు గుట్టలుగా పడి ఉంటాయి. హమాం చుట్టూ 3 అడుగుల ఎత్తున బండలు నిలువుగా పాతించి, ఒకవైపు చిన్న తలుపు పెట్టిస్తే చాలు. మేస్త్రీకి పెద్ద పని కాదు. బండను నిప్పుకు మరీ ఆనించకండి, వేడికి పగులుతుంది. లోపలి నేలకు నున్నగా పాలిష్ చేసిన బండ వద్దు, గరుకు బండే మేలు. సబ్బునీటి మీద పెద్దలే జారుతారు, చేతిలో వేడినీళ్లు ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

మన వైపు పొయ్యిలోకి కందికట్టె ఎక్కువ. పొడుగు కట్టెలు నిప్పులో సగం, బయట సగం ఉంటాయి; బయటి కొస సరిగ్గా పిల్లవాడి చేతికి అందే ఎత్తులో ఉంటుంది. కట్టెను ముందే పొట్టిగా విరిచి పెట్టుకోవాలి. గరాటులో చన్నీళ్లు పోస్తే మూతి గుండా వేడినీళ్లు పొర్లే రకం హమాం అయితే, పోసేముందు మూతి కింద ఎవరున్నారో చూడాలి. బకెట్టులో ఎప్పుడూ చన్నీళ్లు ముందు, వేడినీళ్లు తరువాత. 60 డిగ్రీల నీళ్లు పెద్దవారి చర్మాన్నే సుమారు 5 సెకన్లలో లోతుగా కాలుస్తాయి. పిల్లల చర్మం అంతకంటే పలుచన. గీజరుకు వేడి తగ్గించే వీలుంటే 50 డిగ్రీల దగ్గర పెట్టించండి. గ్యాసు గీజరును గాలి ఆడని స్నానాలగదిలో బిగించనే కూడదు. దాని విషవాయువుకు వాసన ఉండదు. హీటరు రాడ్డు ఉన్న బకెట్టులో చేయి పెట్టి వేడి చూడరాదు, స్విచ్చి ఆపి ప్లగ్గు పీకిన తరువాతే ముట్టాలి. పిల్లలున్న ఇంట్లో రాడ్డు అసలు లేకపోవడమే మాకు ఇష్టం.

బండల గోడకు పెట్టిన ఆ చిన్న తలుపుకు గొళ్లెం బయటి వైపున, పెద్దవారి ఛాతీ ఎత్తున బిగించమని మేస్త్రీకి చెప్పండి. తలుపు అంత ఎత్తు లేకపోతే పక్కన ఒక కర్ర నిలిపి, దానికి బిగించవచ్చు.