పగ్గాలు వదిలిన బండి

మా నాయనకు తనంతట తాను నడిచే బండి ఒకటి వుండేది. ఈ మాట అంటే మా అబ్బాయి నవ్వుతాడు. మీరూ నవ్వవచ్చు. కాని అబద్ధం కాదు సుమండీ.

1960 ప్రాంతాల్లో పత్తి కాలం వచ్చిందంటే నాయన పొద్దుగూకినాక బోరాలు బండికెత్తి, ఇరుసుకు కందెన పెట్టి, బండి కింద లాంతరు వేలాడగట్టి మా ఆలూరు నుంచి ఆదోని మార్కెట్టుకు బయల్దేరేవాడు. వూరు దాటేవరకే పగ్గాలు ఆయన చేతిలో వుండేవి. ఆ తర్వాత బోరాల మీద దుప్పటి పరచుకుని పడుకునేవాడు. ఎద్దులు దారి పట్టుకుని, ఎదురుబండి వస్తే పక్కకు తొలగి, తెల్లవారేసరికి మార్కెట్టు ముందు నిలబడేవి. సెలవుల్లో నేనూ ఆ బోరాల మీద పడుకుని చుక్కలు లెక్కబెట్టినవాణ్ణే.

ఇప్పుడీ ముచ్చట ఎందుకంటే, ఒక దసరాకు మా యింట్లో కార్లను గురించి పెద్ద చర్చ జరిగింది. చర్చ అనడం మర్యాద. పోట్లాట అనాలి.

మా అక్క కొడుకు బెంగుళూరులో వుద్యోగం చేస్తున్నాడు. ఎప్పుడూ పండక్కి గుంతకల్లు దాకా రైల్లో వచ్చి, అక్కణ్ణుంచి బస్సెక్కేవాడు. ఈసారి ఎర్రటి కారులో దిగాడు. చూస్తే నంబరు పలక నల్లగా వుంది, అక్షరాలు పసుపుపచ్చ.

“ఇదేమప్పా, టాక్సీకి పసుపు పలక, సొంతానికి తెల్ల పలక చూసినాను గాని, ఈ నలుపేంది?” అన్నాను.

“బాడుగ బండి మామా. డ్రైవర్ను ఇయ్యరు. మనమే తోలుకోవాల” అన్నాడు.

వాడికి పందెం కార్లంటే ప్రాణం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుసేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ కార్ల పందెం జరిగితే పనిగట్టుకుని వెళ్ళి చూసివచ్చాడు. అవి కరెంటు కార్లు. పొగ లేదు, ఇంజను రొద లేదు. అక్కడ కన్నది నాకు గంటసేపు వర్ణించాడు. ముసలివాడికి స్పోర్ట్సు కారు మీద కోపం వుంటుందని మీరనుకోవచ్చు. నాకు లేదు. బండలాగుడు పందేలు చూసి పెరిగిన సీమవాడికి వేగం మీదా, బలం మీదా కోపం ఎలా వుంటుంది? పందెపుటెద్దును ఎవరూ గానుగకు కట్టరు. దాని అందం అది పరుగెత్తే బరిలోనే.

మా వూరి సంగతి వేరు. మాది రేగడి నేల. వాన పడితే వుబ్బుతుంది, ఎండ కాస్తే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద ఎంత నున్నగా తారు పోసినా నాలుగేళ్ళకు రోడ్డు అలలు అలలుగా లేస్తుంది. ఇక స్పీడుబ్రేకర్లు. లెక్కప్రకారం 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు వుండాలట. మా పల్లెల్లో ఎవరి వీధికి వారు తమ అభిరుచి కొద్దీ కట్టుకుంటారు. స్పోర్ట్సు కారు కడుపుకూ నేలకూ మధ్య నాలుగైదు అంగుళాలే ఎడం. ఆ కారు మా వూళ్ళోకి వస్తే దానికి తొలి పరీక్ష పందెం కాదు, మా స్పీడుబ్రేకరు.

వాడు తెచ్చినది స్పోర్ట్సు కారు కాదు. కాని అలా తోలాడు. హగరి నుంచి వచ్చే 167వ నంబరు జాతీయ రహదారి మా వూరి మీదుగా ఆదోని, ఎమ్మిగనూరు వైపు పోతుంది. పండగ మర్నాడు నన్ను కంటి డాక్టరు దగ్గరకు ఆదోని తీసుకుపోతున్నాడు. గుంత వచ్చినా తగ్గడు, మలుపు వచ్చినా తగ్గడు.

“నిదానమప్పా” అన్నాను.

“బాడుగ బండి గదా మామా, మనదేం పాయె?” అని నవ్వాడు.

అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అనే సామెత నా నోటిదాకా వచ్చింది. చెప్పేలోపు మలుపు తిరిగాము. ఎదురుగా రోడ్డునిండా గొర్రెల మంద.

బ్రేకు తొక్కాడు. కారు కిర్రుమంది గాని ఆగవలసిన చోట ఆగలేదు. పక్కకు తిప్పాడు. పన్నెండేళ్ళ పిల్లవాడు, గొర్రెలు తోలేవాడు, కాలువలోకి దూకాడు. చేలో దిగబడి కారు ఆగింది. రెండు గొర్రెలు రోడ్డు మీద పడివున్నాయి.

పిల్లవాడికి మోకాళ్ళు దోక్కుపోయాయి. అంతే. అంతే అని ఇప్పుడు రాస్తున్నాను గాని, వాడు కాలువలోంచి లేచి నిలబడేదాకా నా గుండె కొట్టుకున్నదో లేదో నాకు తెలియదు.

మందకు పెద్ద వచ్చాడు. తిడతాడనుకున్నాము. తిట్టలేదు. “గొర్రెల లెక్క తరువాత చూసుకుందాము. పిల్లోనికి ఏమన్నా అయ్యింటే ఆ లెక్క ఎవురు చెప్తురప్పా?” అన్నాడు. మా అల్లుడు తల ఎత్తలేదు.

ఆదోనిలో మెకానిక్కు చక్రం విప్పి చూపించాడు. బ్రేకు ప్యాడ్లు రేకుదాకా అరిగిపోయి వున్నాయి. అంతే, మా వాడికి గొంతు వచ్చింది. “చూసినావా మామా, తప్పు బాడుగిచ్చినోళ్ళది!” అన్నాడు.

అది సగం నిజం. మిగతా సగం కూడా వుంది. ఆ ప్యాడ్లు ఒక్కరోజులో అరగలేదు. మనదేం పాయె అనుకుంటూ మా వాడికంటే ముందు ఎందరో తోలారు. బండి కిర్రుమంటుంటే పాట గట్టిగా పెట్టుకుని వుంటారు. తమది కాదు గనుక ఎవరూ బానెట్టు ఎత్తి చూడలేదు. మా వాడూ చూడలేదు.

ఆ రాత్రి కాలిఫోర్నియా నుంచి మా అబ్బాయి ఫోను చేశాడు. “అందుకే నాన్నా, డ్రైవరు లేని కార్లు రావాలి” అన్నాడు.

నేను ఆ కారెక్కినవాణ్ణే. 2024 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కించాడు. తెల్ల జాగ్వారు. పందెం కార్లకు పేరుపడ్డ ఆ కంపెనీని మన టాటాలు 2008లో కొన్నారు. ముందు సీటు ఖాళీ. స్టీరింగు తనంతట తాను తిరుగుతూ వుంటే దయ్యం తోలుతున్నదా అనిపించింది. కాని మనిషి అడ్డం వస్తే ఆగింది, ఎర్రదీపానికి ఆగింది, ఎవరి మీదా విసుక్కోలేదు. నిజం చెప్పవలసివస్తే, మా అల్లుడికంటే మర్యాదగా నడిచింది.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. కంది దగ్గర హైదరాబాదు ఐఐటీలో ఇలాంటి బండ్లను పరీక్షించడానికి 2022లో ప్రత్యేకంగా ఒక బరి ఏర్పాటయింది. మరోవైపు, డ్రైవర్ల పొట్ట కొట్టే బండ్లను రానివ్వనని కేంద్రమంత్రి గడ్కరీగారు 2017లో అన్నారు. మా యెదురింటి అతను బాడుగ జీపు తోలి ఇద్దరు ఆడపిల్లలను చదివించాడు. అతని ముఖం చూస్తే మంత్రిగారి మాటే బాగుందనిపిస్తుంది. లారీలు వచ్చి నాయన ఎద్దులను అమ్ముకున్న రోజు గుర్తొస్తే మాత్రం, వచ్చేదాన్ని ఎంతకాలం ఆపగలమని సందేహం కలుగుతుంది. శుక్లాల కంటితో కారు తోలడం మానుకున్న నాకు ఆ కారు కావాలనే వుంది కూడా.

అయినా ఆ గొర్రెలకాపరి ప్రశ్న నన్ను వదలలేదు. ఆ లెక్క ఎవరు చెబుతారు?

అప్పుడు నాయన గుర్తొచ్చాడు. ఒక రాత్రి ఆయన నిద్రలో వుండగా ఎద్దులు దారి తప్పి ఎవరిదో జొన్నచేలో దిగి, కడుపునిండా మేశాయి. చీకట్లో చూసినవాడు లేడు. అయినా నాయన మార్కెట్టులో పత్తి అమ్మి, తిరుగుదారిలో ఆ రైతు యిల్లు వెతికిపట్టుకుని నష్టానికి డబ్బు ఇచ్చి వచ్చాడు.

“ఎద్దులు గదా మేసింది, నువ్వు నిద్రపోతాంటివి గదా నాయనా” అన్నాను.

“పగ్గాలు వదిలింది నేనే గదరా” అన్నాడు.

డ్రైవరు లేని కార్లు తయారుచేసేవారికైనా, బాడుగకిచ్చేవారికైనా, పుచ్చుకునేవారికైనా నేను చెప్పగలిగింది ఇంతే. బండి తెలివిగలది కావచ్చు, పరాయిది కావచ్చు. వదిలిన పగ్గాలకు జవాబు చెప్పే మనిషి వున్న బండి ఎక్కడానికి నాకు భయం లేదు.

ఆ సంక్రాంతికి మా అల్లుడు మళ్ళీ రైల్లోనే వచ్చాడు. గొర్రెల ఖరీదు అప్పుడే ఇచ్చేశాము. అయినా సంచిలోంచి ఒక జత కొత్తబట్టలు తీసి, “ఆ పిల్లోని యిల్లు యాడ మామా?” అని అడిగాడు.

ఇద్దరమూ నడిచే వెళ్ళాము.